జేబులో ఫ్యూజు

వేసవి మధ్యాహ్నం కరెంటు పోతే మా హాల్లో ఫ్యాను వెంటనే ఆగదు. చాలాసేపు తిరుగుతుంది. వేగం తగ్గి, మూడు రెక్కలూ విడివిడిగా కనిపించడం మొదలయ్యాక, చివరి నాలుగైదు చుట్లలో ఒక చప్పుడు చేస్తుంది. చుట్టుకొకసారి, టిక్కుమని. ఆ చప్పుడు వినగానే చేతిలో పని ఆపి పైకి చూస్తాను. ముందు హుక్కు వైపు, తరువాత కిందికి, ఫ్యాను కింద ఎవరున్నారా అని. సాధారణంగా ఎవరూ ఉండరు. అమ్మాయి ఉద్యోగానికి వెళ్ళి ఉంటుంది, మా ఆయన రిటైరై తన గదిలో పేపరు చదువుకుంటూ ఉంటారు. అయినా చూస్తాను. మొన్న అలా చూసినప్పుడు అప్పలస్వామి గారి గురించి రాయాలనిపించింది. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఇంట్లో వాళ్ళకూ, పోర్టులో ఆయనతో పనిచేసిన కొద్దిమందికీ తప్ప ఆయనెవరో ఎవరికీ తెలియదు. ఈ ఫ్యానును మొదటిసారి మా ఇంట్లో వేలాడదీసింది ఆయన. ఆ చప్పుడు ఎందుకు వస్తోందో చూద్దామని చివరిసారి వచ్చిందీ ఆయనే.

తొంభైల నడుమ మేము మండపేట దగ్గరి మా ఊరి నుంచి వచ్చి గాజువాకలో అద్దెకు దిగాం. మా ఆయనకు ఉక్కు కర్మాగారంలో షిఫ్టు ఉద్యోగం. క్వార్టరు ఇంకా రాలేదు. మాకు దొరికింది ఒక హాలు, ఒక వంటగది. ఒకప్పుడు అది ఒకే ఇల్లు. అద్దెలు పెరిగాక ఇంటివాళ్ళు నడిమి గుమ్మాన్ని ఇటుకలతో మూయించి రెండు పోర్షన్లు చేశారు. ఆ వీధిలో చాలా ఇళ్ళు అలాంటివే. గోడకు అవతల అప్పలస్వామి గారు, ఆయన భార్య పైడితల్లి గారు ఉండేవారు. ఆయన పోర్టులో క్రేన్లకు కరెంటు పనిచేసి రిటైరయ్యారు. బక్కపలచటి మనిషి. ఎప్పుడూ రెండు జేబుల ఖాకీ చొక్కా. పని మానేసినా ఆ చొక్కాలు మానలేదు.

మే నెల. మా పాపకు ఐదో నెల. ఒళ్ళంతా చెమటకాయలు. మెడ కింద చర్మం ఎర్రగా ఊడివచ్చేది. టేబుల్ ఫ్యాను గాలి ఒకవైపే తగిలేది, రెండో వైపు తిప్పి పడుకోబెడితే మొదటి వైపు చెమట. డాక్టరు మందు రాసి, "అన్నిటికన్నా ముందు గాలి కావాలమ్మా" అన్నాడు. అప్పుడే మా ఆయనతో పనిచేసే ఒకాయన బదిలీ అయి వెళుతూ పాత సీలింగ్ ఫ్యాను అమ్ముతుంటే, ఈయన సైకిల్ వెనక కట్టుకుని తెచ్చారు. గోనెసంచిలో చుట్టి ఉన్న ఆ ఫ్యానును మంచం మీద పెట్టి, ఆదివారం తగిలిద్దాం అన్నారు. నేను వద్దన్నాను.

ఎందుకు వద్దన్నానో అప్పుడు ఆయనకు సరిగ్గా చెప్పలేదు. నేను ఐదో తరగతి చదివేటప్పుడు ఒక సోమవారం ఉదయం బడి తలుపు తీస్తే మా తరగతిలో ఫ్యాను కింద పడి ఉంది. సెలవురోజున ఎప్పుడో పడింది. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ అది పడింది నేను కూర్చునే బెంచీ మీద. బెంచీ చెక్క మధ్యకు విరిగింది. మేష్టారు నవ్వుతూ, "నీకు భూమ్మీద ఇంకా నూకలున్నాయే" అన్నారు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆ తరువాత ఏ గదిలో కూర్చోవలసి వచ్చినా ఫ్యానుకు పక్కగా చోటు వెతుక్కునేదాన్ని. పెళ్ళిపందిట్లో కూడా. మనకేమైనా అయితే అది వేరు, ఐదు నెలల పాపకైతే వేరు. ఆ చిన్న హాల్లో హుక్కు సరిగ్గా నడిమధ్య ఉంది. ఎటు జరిపినా ఉయ్యాల దాని కిందికే వచ్చేది.

ఆదివారం వెళ్ళింది, ఇంకో ఆదివారం వెళ్ళింది. ఏదో వంక చెబుతూ వచ్చాను. పాప ఏడుస్తూనే ఉంది. ఒకరోజు పొద్దున మా గుమ్మం ముందునుంచి వెళుతూ అప్పలస్వామి గారు లోపలికి తొంగిచూశారు. నేను నేలమీద చాప వేసుకుని పాపకు విసనకర్రతో విసురుతున్నాను.

"ఏటమ్మా ఇది? మనుసులు కిందన, ఫ్యాను మంచం మీదానా? దానికేటి, జొరమా?"

నాకు నవ్వు రాలేదు. "భయమండి బాబాయిగారూ," అన్నాను. ఎందుకో ఆయనకు ఆ బెంచీ సంగతంతా చెప్పాను. ఆయన నవ్వలేదు. భయపడకు అనీ అనలేదు. కాసేపు గడప మీద కూర్చుని, "పడతాయమ్మా. పడకేటి," అన్నారు. "ఎందుకు పడతాదో తెలిస్తే, పడకండా సూసుకోవచ్చు. ఆదివారం సూద్దుం."

నా భయాన్ని ఒక పనిలాగా తీసుకున్న మొదటి మనిషి ఆయన. అంతకుముందు విన్నవాళ్ళందరూ దాన్ని నా స్వభావం అనుకున్నారు.

ఆదివారం ఆయన ఫ్యానును వరండాలో పెట్టుకుని ముందు వాసన చూశారు. మోటారు లోపలి తీగచుట్ట కాలితే వాసన వస్తుందట, రాలేదు. చేత్తో తిప్పి చెవి దగ్గర పెట్టుకుని విన్నారు. తరువాత పైకడ్డీ పట్టుకుని, అది మోటారుకు బిగించిన చోట గోటితో గీశారు. ఆయన మొహం మారింది.

"బాబూ, ఇలాగ్రా," అని మా ఆయనను పిలిచారు. "ఇదేటి?"

కడ్డీలోంచి బోల్టు పోతుంది, ఆ బోల్టు జారిపోకుండా చివర ఒక పిన్ను ఉండాలి. పిన్ను లేదు. దాని బదులు ఎవరో వంచిన మేకు దూర్చారు. అదీ సగం అరిగిపోయి ఉంది.

"ఈ మేకు మీద తిరిగినాది ఇన్నాళ్ళూ. ఆళ్ళ అదురుస్టం," అన్నారు. నేను వద్దనకపోతే మా ఆయన దాన్ని రెండు వారాల క్రితమే తగిలించి ఉండేవారు. ఆయన అప్పుడే సైకిలెక్కి ఆటోనగర్ వెళ్ళి బోల్టూ పిన్నూ తెచ్చారు. వెళ్ళేముందు నా వైపు చూసిన చూపు నాకు గుర్తుంది. నా వంకలన్నీ ఆయన అప్పుడే ఒకటొకటిగా వెనక్కి లెక్కపెట్టుకుంటున్నట్టు ఉంది.

తరువాత హుక్కు. సముద్రం నుంచి వచ్చే ఉప్పుగాలికి గాజువాకలో ఇనుము ఎన్నాళ్ళో ఆగదు. అప్పలస్వామి గారు స్టూలెక్కి హుక్కును ఆకురాయితో గీశారు. ఎర్రటి తుప్పు పొడి రాలింది. కింద తెల్లటి ఇనుము కనిపించేదాకా గీశారు. పోర్టు నుంచి తెచ్చుకున్న లావుపాటి తాడు ముక్కను హుక్కులోంచి దూర్చి ముడివేసి, దాన్ని రెండు చేతులా పట్టుకుని స్టూలు మీద నుంచి కాళ్ళు తీసేశారు. బక్కపలచటి ముసలాయన మా హాలు మధ్య మోకాళ్ళు ముడుచుకుని వేలాడుతుంటే, గుమ్మంలో నిలబడిన పైడితల్లి గారు నోరు నొక్కుకున్నారు.

"ఓలమ్మో! ఈ మనిసికి సిగ్గునేదు గదా. దిగు, దిగు, నడుం ఇరిగితే నాను మొయ్యనేను."

"నువ్వెందుకు మొయ్యడం, హుక్కు మోత్తాది," అన్నారాయన పైనుంచి. దిగి, తాడు నా వైపు పట్టారు. "ఇప్పుడు నువ్వు ఏలాడు."

"నేనా?"

"నాను ఏలాడితే నాకు నమ్మకం. నమ్మకం నీకు గదా కావాలి. ఫ్యాను బరువెంత, ఆరేడు కేజీలు. నువ్వెంత?"

మా ఆయన ఇబ్బందిగా వీధి తలుపు వేశారు. నేను కొంగు దోపుకుని స్టూలెక్కి తాడు పట్టుకున్నాను. కాళ్ళు తీయడానికి చాలాసేపు పట్టింది. పాపను పైడితల్లి గారు ఎత్తుకున్నారు. నా కింద ఖాళీ నేల, పైన ఆ హుక్కు. చివరికి కాళ్ళు వదిలాను. ఏమీ కాలేదు. అరచేతులు మండాయి, అంతే. "లెక్కెట్టు, ఇరవై," అన్నారాయన. పదకొండు దాకా లెక్కపెట్టగలిగాను. దిగేసరికి నాకు ఏడుపు వచ్చింది.  పాపను నాకందిస్తూ పైడితల్లి గారు, "మా ఇంట్లో ఫ్యాను అడిగి సచ్చినా ఇంత సెయ్యనేదు నాకు," అన్నారు.

అంతటితో పని సగం అయింది. అసలు జరిగింది ఆ తరువాత.

ఆయనకు ఒక పద్ధతి ఉండేది. ఎక్కడ కరెంటు పని చేసినా, ముందు మెయిన్ దగ్గర ఫ్యూజు పీకి చొక్కా జేబులో వేసుకునేవారు. తెల్లటి పింగాణీ ముక్క, అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్దది. స్విచ్ కట్టేయడం చాలదనేవారు. స్విచ్ ఎవరైనా వేస్తారు. ఫ్యూజు పీకి అక్కడే పెట్టడమూ చాలదు, చీకటిగా ఉందని ఎవరో వచ్చి పెట్టేస్తారు. పోర్టులో అలా పెట్టేయడం వల్ల కరెంటు తగిలి ఒకడు క్రేను మీదే ఉండిపోవడం ఆయన చూశారట. అంతకుమించి చెప్పలేదు. "ఫ్యూజు నా జేబులో ఉంటే, పైనున్నోడి పేణం నా జేబులో ఉన్నట్టు. ఆడు దిగీదాకా నాను ఎటూ ఎల్లను, టీకి కూడా," అనేవారు.

ఆ రోజూ మా ఫ్యూజు పీకి జేబులో వేసుకున్నారు. హాల్లో బల్బు ఆరిపోయింది. మా ఆయన స్టూలెక్కి, పైన హుక్కు పక్కన వేలాడుతున్న రెండు తీగల వైపు చెయ్యి చాపారు. అప్పలస్వామి గారు ఆయన ప్యాంటు పట్టుకుని లాగారు.

"ఆగు. టెస్టరెట్టు."

"ఫ్యూజు మీ దగ్గరే ఉందిగా బాబాయిగారూ."

"ఉంది. అయినా ఎట్టు."

మా ఆయన నవ్వుతూ టెస్టరు పెట్టారు. అది వెలిగింది.

 బల్బు ఆరి ఉంది, ఫ్యూజు జేబులో ఉంది, టెస్టరులో ఆ చిన్న ఎర్రటి దీపం వెలుగుతోంది. అప్పలస్వామి గారు జేబు మీద చెయ్యి వేసి తడుముకున్నారు, ఫ్యూజు నిజంగా అక్కడే ఉందా అన్నట్టు. మా ఆయనను కిందికి దించారు. తరువాత ఇటుకలతో మూసిన ఆ గుమ్మం వైపు చూస్తూ నిలబడ్డారు. బయటికి వెళ్ళి, అవతల తమ పోర్షన్‌లో తమ ఫ్యూజు పీకి తెచ్చారు. మళ్ళీ టెస్టరు పెట్టించారు. ఈసారి వెలగలేదు.

ఇల్లు ఒకటిగా ఉన్న రోజుల్లో మా హాలు ఫ్యానుకు స్విచ్ అవతలి గదిలో ఉండేదట. గోడ కట్టించినప్పుడు ఇంటివాళ్ళు అప్పలస్వామి గారినే వైరింగు విడదీయమన్నారు. దీపాలవీ ప్లగ్గులవీ విడదీశారు. ఫ్యాను తీగ ఒక్కటి మిగిలింది. రేపు చేద్దాం అనుకున్నారు. మాకు ముందు ఉన్నవాళ్ళకు సీలింగ్ ఫ్యాను లేదు, ఎవరూ అడగలేదు. ఆ స్విచ్ అప్పలస్వామి గారి బీరువా వెనకకు వెళ్ళిపోయింది, వేసింది వేసినట్టే ఉండిపోయింది. గోడ కట్టిన ఆరేళ్ళ నుంచీ ఆ తీగలో కరెంటు అలాగే ఉంది, ఇప్పుడు మా తలలమీద.

"నా సేత్తో సేసిన పని. నానే మరిసిపోనాను," అన్నారు. గడప మీద కూర్చున్నారు. మా ఆయన, "పోనీలెండి, ఏమీ కాలేదు కదా," అన్నారు. ఆయన ఒప్పుకోలేదు. "నువ్వు సెయ్యెట్టీసినావు బాబూ. నాను సూసేను." తరువాత నా వైపు తిరిగి, "తల్లీ, నీ బయం మంచిదే. దాన్ని పోగొట్టుకోకు. నాకు బయం పోయింది, అందుకే మరిసిపోనాను," అన్నారు.

ఆ మధ్యాహ్నం ఆయన రెండు ఫ్యూజులు రెండు జేబుల్లో వేసుకుని, ఎవరినీ చెయ్యి పెట్టనివ్వకుండా, పాత తీగను గోడలోంచి లాగేసి మా బోర్డు నుంచి కొత్త తీగ వేశారు. ముందు రెక్కలు లేకుండా ఫ్యాను తిప్పి చూశారు. తరువాత రెక్కలు బిగించారు. గాలి వచ్చింది. నేను పాపను దాని కింద పడుకోబెట్టలేకపోయాను. వంటగది గుమ్మంలోనే ఎత్తుకుని నిలబడ్డాను. ఆయన చూశారు. ఇంటికి వెళ్ళి ఒక చాప తెచ్చుకుని, సరిగ్గా ఫ్యాను కింద వేసుకుని, వెల్లకిలా పడుకున్నారు. గంట అయింది. పైడితల్లి గారు అన్నానికి పిలిచారు.

"ఏటి, ఇల్లు మారిపోనావా? కంచం కూడా ఇక్కడికే ఎట్టీమంటావా?"

"ఎట్టీ," అన్నారాయన కళ్ళు తెరవకుండా.

ఆమె నిజంగానే కంచం తెచ్చి పెట్టారు. ఆయన ఫ్యాను కిందే కూర్చుని చేపలకూర అన్నం తిన్నారు. సాయంత్రం ఎండ చల్లబడే వేళకు నేను పాపను తీసుకువెళ్ళి ఆయన పక్కన చాప మీద పడుకోబెట్టాను. కొద్దిసేపు ఇద్దరూ పక్కపక్కనే ఉన్నారు. అప్పుడు ఆయన లేచి, చాప పాపకే వదిలేసి వెళ్ళారు.

తరువాతి సంవత్సరాల్లో ఆయన దగ్గర నేను పని నేర్చుకున్నాను. మా ఆయన షిఫ్టుల వల్ల ఇంట్లో ఉండేది నేనే కాబట్టి నేర్పుతున్నానని అప్పలస్వామి గారు అనేవారు. అసలు కారణం అది కాదని నాకు తెలుసు. తీగ పైతొడుగు ఎలా చెక్కాలో, ఎంత చెక్కాలో, టెస్టరును ముందు కరెంటున్న చోట పెట్టి అది పనిచేస్తోందో లేదో చూసుకున్నాకే కరెంటు లేని చోట పెట్టాలని, అన్నీ చెప్పారు. నేను పైన, ఆయన కింద, ఫ్యూజు ఆయన జేబులో. మేము రెండు ఇళ్ళు మారాం. రెండుసార్లూ ఆయన బస్సెక్కి వచ్చి, హుక్కుకు తాడు కట్టించి, నన్ను వేలాడమన్నారు. రెండోసారి నేను ఇరవై లెక్కపెట్టాను.

కూర్మన్నపాలెంలో ఉండగా ఫ్యాను ఈ చప్పుడు మొదలుపెట్టింది. అప్పటికి రెండువేల సంవత్సరం దాటి ఐదారేళ్ళయింది. పాప హైస్కూలుకు వెళుతోంది. కబురు పెట్టకుండా ఉండవలసింది. ఎండాకాలం, ఆయనకు డెబ్భై దాటాయి, చేతులు వణుకుతున్నాయి. అయినా చప్పుడంటే నాకు నిద్ర పట్టదని ఆయనకు తెలుసు. మర్నాడే వచ్చారు. కాసేపు ఆగి ఆగి విని, "దించాలి," అన్నారు. ఫ్యూజు పీకి ఖాకీ చొక్కా జేబులో వేసుకున్నారు. దించి, కడ్డీ విప్పి, పిన్ను మార్చి, గ్రీజు పెట్టాం. మళ్ళీ ఎక్కించి, నేను స్టూలు మీద నిలబడి తీగలు కలుపుతున్నాను. కింద ఆయన మెయిన్ బోర్డు పక్కన గోడకు ఆనుకుని కూర్చోవడం వినిపించింది.

"ఏమైంది బాబాయిగారూ?"

"ఏటీనేదు. నువ్వు కానీ."

నేను కానిచ్చాను. రెండు తీగలు కలిపి టేపు చుట్టాను. కిందికి చూడకుండా. రెండు నిమిషాలు పట్టి ఉంటుంది. ఆ రెండు నిమిషాల గురించి చాలా ఆలోచించాను, ఇప్పటికీ ఆలోచిస్తాను. దిగి చూస్తే ఆయన చొక్కా చెమటతో తడిసి ఉంది. ఎడమ చేత్తో జేబు పట్టుకుని ఉన్నారు. గుండె పట్టుకున్నారనుకున్నాను. ఆటోలో ఆసుపత్రికి తీసుకువెళ్ళాం. నన్ను లోపలికి రానివ్వలేదు. పైడితల్లి గారు వచ్చి లోపలికి వెళ్ళారు. ఆ సాయంత్రమే ఆయన పోయారు.

ఇంటికి వచ్చేసరికి కరెంటు లేదు. ఫ్యూజు ఆయన జేబులోనే వెళ్ళిపోయింది. కొత్తది తెస్తానని మా ఆయన చెప్పులు వేసుకున్నారు. వద్దన్నాను. ఎందుకు వద్దన్నానో ఈసారీ చెప్పలేకపోయాను. ఆయన చెప్పులు విప్పేశారు. మూడు రోజులు దీపంతో, విసనకర్రతో గడిపాం. 

నాలుగో రోజు పైడితల్లి గారిని చూడడానికి గాజువాక వెళ్ళాను. ఆమె నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, గుడ్డలో చుట్టిన ఫ్యూజు తీసి నా చేతిలో పెట్టారు.

"ఇది మీదే గదా. సొక్కా ఇప్పుతామంటే ఇప్పనివ్వనేదు ఆ నర్సమ్మని. జేబు ఒదల్నేదు. నాను సెప్పేను, ఇచ్చీయి, బాగు సేత్తారు నిన్ను అని." ఆమె ఆ గుడ్డను మడతపెట్టారు. "'పిల్ల ఇంకా దిగనేదే,' అన్నాడమ్మా. అదే ఆకరి మాట."

నేను అప్పటికే దిగాను. దిగి ఆయన పక్కనే ఆటోలో కూర్చున్నాను. ఆయన చెయ్యి పట్టుకునే ఉన్నాను. కానీ దిగానని ఆయనకు చెప్పలేదు. చెప్పాలని తోచలేదు.

ఆ సాయంత్రం ఫ్యూజు పెట్టాను. ఫ్యాను తిరిగింది. చప్పుడు పోలేదు. తరువాత ఆటోనగర్‌లో ఇద్దరికి చూపించాం, వాళ్ళకూ కారణం దొరకలేదు. పడే చప్పుడు కాదని మాత్రం చెప్పారు. అది నాకూ తెలుసు.

ఇప్పుడు మా ఇంట్లో ఫ్యూజులు లేవు. నొక్కితే పడే స్విచ్‌లున్న పెట్టె ఉంది. పీకి జేబులో వేసుకోవడానికి ఏమీ లేదు. అందుకని, ఇంట్లో ఎవరైనా బల్బు మార్చడానికి స్టూలెక్కినా, నేను మెయిన్ కట్టేసి ఆ పెట్టె తలుపు మూసి, దాని మీద అరచెయ్యి ఆనించి నిలబడతాను. మా అమ్మాయి నవ్వుతుంది. "అమ్మా, ఇది ఒక్క నిమిషం పని. వెళ్ళి కూర్చో," అంటుంది. నేను వెళ్ళను. పని అయ్యాక అది దిగి నా దగ్గరికి వస్తుంది. దానికి నేను నేర్పిన పద్ధతి ఒక్కటే. నా చెయ్యి ముట్టుకుని, పెద్దగా, వినపడేలా చెబుతుంది.

"దిగానమ్మా."

అప్పుడు చెయ్యి తీస్తాను.